రోహిణి కార్తె దాటించడం: వేడి ఊళ్ల గ్రీన్‌హౌస్‌లో బటర్‌వర్ట్

జిగురు ఆకులతో చిన్న పురుగుల్ని పట్టి తినే మొక్క బటర్‌వర్ట్. మే నెలలో అది పోయిందంటే నింద ఎండ మీదికి పోతుంది. కుండీ తిరగేసి చూస్తే వేర్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటాయి, మొదలు చిదిమితే నీరు కారుతుంది. ఎండకు మాడిన మొక్క అలా ఉండదు. దాని ఆకు అంచులు కాగితంలా ఎండుతాయి, నడిమి మొగ్గ గట్టిగానే ఉంటుంది, నీడకు మారిస్తే కొన్ని వారాల్లో తేరుకుంటుంది. మన దగ్గర ఈ మొక్కల్ని ఎక్కువగా చంపేది రాత్రి పదింటికి కూడా గోరువెచ్చగా ఉండే తడి మట్టి. గ్రీన్‌హౌస్ కట్టే తీరు దగ్గర్నుంచి నీళ్లు పోసే వేళ దాకా అన్నీ ఆ లెక్కతోనే చూసుకోవాలి.

దీనికి తెలుగు పేరు లేదు. శాస్త్రనామం పింగ్విక్యులా, పెంచేవాళ్ల నోట్లో ‘పింగ్’. ఆకు మీద వెన్న రాసినట్టు జిడ్డుగా ఉంటుంది. లెన్స్ పెట్టి చూస్తే సన్నని కాడల మీద జిగురు బొట్లు కనబడతాయి. వాటి మధ్యన ఆకుకు అంటుకుని ఇంకో రకం గ్రంథులుంటాయి, జీర్ణరసం వాటి పని. చిక్కేవి ఫంగస్ న్యాట్‌లు (తడి మట్టిలో పుట్టే సన్న ఈగలు), పండ్ల ఈగల్లాంటి చిన్నవి. ఇంట్లో తిరిగే ఈగను పట్టేంత బలం దీనికి లేదు, కాబట్టి దోమల బెడద తీరుతుందని ఎవరూ కొనొద్దు.

ఏ జాతి కొన్నామన్న దాని మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. ఐరోపా వల్గారిస్, గ్రాండిఫ్లోరాలు చలికాలంలో మొగ్గలా ముడుచుకుని నెలల తరబడి గడ్డకట్టే చలిలో పడుకోవాల్సినవి. మన హిమాలయాల్లో దొరికే ఆల్పినా కూడా అంతే. హైదరాబాదులోనైనా రాజమండ్రిలోనైనా వీటి మీద డబ్బు పెట్టడం దండగ. మనకు పనికొచ్చేవి మెక్సికో జాతులు. ఓహాకా, హిడాల్గో, శాన్ లూయిస్ పొటోసీ, టమౌలిపాస్ కొండల్లో సున్నపురాయి, జిప్సం గోడలకు అతుక్కుని పెరుగుతాయి. వీటిలో అందరికీ తెలిసిన మొరానెన్సిస్‌కు హిడాల్గోలోని మొరాన్ గని మీదుగా ఆ పేరు వచ్చింది. యాత్రికులు హంబోల్ట్, బోన్‌ప్లాండ్ సేకరించిన ఆ మొక్కకు 1817లో వృక్షశాస్త్రవేత్త కుంత్ పేరు పెట్టాడు.

ఆ కొండల్లో వానలు సుమారు మే–జూన్ నుంచి అక్టోబరు దాకా, తర్వాత పొడి కాలం. అంటే కాస్త అటూ ఇటూగా మన నైరుతి క్యాలెండరే. వానల్లో వెడల్పాటి జిగురు ఆకులు వేస్తాయి. పొడి కాలంలో చాలా జాతులు జిగురు మానేసి, చిన్న చిన్న దళసరి ఆకులతో రాతి మీద గులాబీలా ముడుచుకుంటాయి. తేడా రాత్రుల్లో ఉంది. అక్కడ ఎత్తు వల్ల రాత్రి చల్లబడుతుంది, మన మే నెల రాత్రి చల్లబడదు.

మొదటిసారి పెట్టేవాళ్లకు వీజర్, సెథోస్, టీనా అనే సంకరాలు మంచివి. శుద్ధ జాతుల్లో అగ్నాటా వేడికి బాగా ఓర్చుకుంటుంది. ఎమార్జినాటా తడిని ఇష్టపడుతుంది, చలికాలపు ఆకులు వేరుగా వేయదు, ఏడాది పొడుగునా పూసినా ఆశ్చర్యం లేదు. ఎసేరియానా ఫొటోల్లో ముద్దొస్తుంది గానీ దగ్గర దగ్గరగా ముద్దకట్టిన ఆకుల మధ్య తడి చేరి తొందరగా కుళ్లుతుంది, దాన్ని రెండో ఏడుకు వాయిదా వేయడం మేలు. జిప్సికోలా లాంటివి రాత్రి చల్లబరిచే ఏర్పాటు ఉంటేనే. కోస్తాలో ఉక్కపోత ఊళ్లవాళ్లు అమెరికా ఆగ్నేయ తీరపు ప్రిములిఫ్లోరా చూడొచ్చు. అది ఫ్లోరిడా, అలబామా, మిసిసిపీ చిత్తడి వాగుల పక్కది, వేడికీ తేమకీ అలవాటు పడ్డది. ఆయుష్షు తక్కువే, కానీ ఆకు కొసల్లో పిలకలు వేస్తుంది. తల్లి పోకముందే ఆ పిలకలు తీసి పెట్టుకోవాలి.

గది ఎలా కట్టాలి

యూరప్ ఫొటోలు చూసి అద్దాల గది కట్టొద్దు. ఆ గదులు వేడిని పట్టి ఉంచడానికి పుట్టినవి. మనకు కావలసింది వాన పడని, గాలి ఆడే నీడ. పైన పాలరంగు పాలికార్బొనేట్ షీటు, నాలుగు వైపులా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) ఇన్‌సెక్ట్ నెట్, ఆ నెట్‌కు బయట చుట్టి ఎత్తగలిగే పాలిథిన్ తెరలు. కప్పు కనీసం 8 అడుగుల ఎత్తుండాలి, దాని కొసన వేడి గాలి పోవడానికి అడ్డంగా ఒక చీలిక వదలాలి. షేడ్ నెట్‌ను లోపల కట్టడం చాలామంది చేసే పొరపాటు. నల్ల నెట్ ఎండను మింగి తానే పొయ్యిలా కాగుతుంది, ఆ వేడి లోపలే ఉండిపోతుంది. షీటుకు 30 సెంటీమీటర్ల పైన, బయట కట్టాలి. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా 50 శాతం నెట్, మార్చి–మే మధ్య 75 శాతం. దొరికితే అల్యూమినియం పూత ఉన్న నెట్ ఇంకా మేలు, అది ఎండను వెనక్కి కొడుతుంది.

డాబా మీద కట్టేవాళ్లు స్లాబును మరిచిపోతారు. పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. ట్రేలు నేల మీద పెడితే ఆ సెగ నేరుగా వేర్లకు తగులుతుంది. ఇనుప జాలీ బల్ల 2.5 నుంచి 3 అడుగుల ఎత్తున ఉండాలి, స్లాబుకు తెల్ల కూల్‌రూఫ్ పెయింటో సున్నమో వేయాలి, సాయంత్రం ఆరింటికి రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించాలి. ఖర్చు తక్కువ, ఫలితం అదే రాత్రి థర్మామీటర్‌లో కనబడుతుంది. థర్మామీటర్ అంటే గోడకు తగిలించేది చాలదు. కనిష్ఠ–గరిష్ఠాలు గుర్తుంచుకునే డిజిటల్‌ది ఒకటి, తీగ చివర ప్రోబ్ ఉన్నది ఇంకొకటి కావాలి. ఆ ప్రోబ్‌ను కుండీలో 3 సెంటీమీటర్ల లోతున గుచ్చి వదిలేయాలి. గాలి 38 చూపించినా మట్టి 29 దగ్గరుంటే భయం లేదు. మట్టి 32 దాటి, పైగా తడిగా ఉంటే గంట మోగినట్టే.

కూలర్ లెక్క

తెలంగాణలో, రాయలసీమలో ప్యాడ్ (కూలర్‌లో నీళ్లు కారే తడి దిమ్మె), ఫ్యాన్ పెట్టుకున్నవాళ్లకు అదృష్టం కలిసొస్తుంది, ఎందుకంటే వేసవి గాలి పొడిది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలికి తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరచగల హద్దు, 22 చిల్లర. మంచి హనీకోంబ్ ప్యాడ్ ఆ తేడాలో ముప్పాతిక వంతు రాబడుతుంది, అంటే లోపలికి 27 డిగ్రీల గాలి వస్తుంది. అదే విజయవాడలో 36 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే తడి బల్బే 29 దగ్గరుంటుంది, ప్యాడ్ దాటిన గాలి 31కి తక్కువ రాదు.

10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు ఉన్న గది అంటే 640 ఘనపుటడుగులు. నిమిషానికి ఒకసారి గాలంతా మారాలి కాబట్టి నిమిషానికి 640 ఘనపుటడుగులు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. 12 అంగుళాల ఫ్యాన్ల మీద రేటింగ్ రాసి ఉంటుంది, నెట్ అడ్డు ఉంటుంది గనక కాస్త ఎక్కువదే చూసుకోండి. ఎదురు గోడకు 100 మిల్లీమీటర్ల మందం ప్యాడ్ 3 చదరపు అడుగులు. ఫ్యాన్ నడిచేటప్పుడు పక్క తెరలు దించి ఉంచాలి, లేకపోతే గాలి ప్యాడ్ గుండా రాకుండా దగ్గరి దారి చూసుకుంటుంది.

ఇక్కడే అందరూ తిరగేసి చేస్తారు: పగలంతా కూలర్ వేసి, చీకటి పడగానే పంపు ఆపేస్తారు. హైదరాబాదులో మే రాత్రి 30 డిగ్రీలు, 35 శాతం తేమ ఉన్నప్పుడు అదే ప్యాడ్ గాలిని 22 దాకా దించగలదు. పింగ్‌కు అక్కరైన చల్లదనం అదే. మొక్క రాత్రిపూట పగలు కూడబెట్టిన పిండిపదార్థాన్ని ఊపిరితో ఖర్చు చేస్తుంది, రాత్రి వేడిగా ఉన్నకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. సంపాదన కంటే ఖర్చు ఎక్కువైతే కొత్త ఆకు పాత ఆకు కంటే చిన్నదిగా వస్తుంది. వరసగా మూడు ఆకులు చిన్నవైతూ వచ్చాయంటే రాత్రులు చూసుకోవాలని అర్థం. కరెంటు బిల్లు భయపెడితే పగలు ఆపి, రాత్రి 8 నుంచి ఉదయం 5 దాకా నడపండి. పగలు ఫ్యాన్ ఆపినప్పుడు మాత్రం తెరలు ఎత్తడం మరవద్దు. ఫ్యాన్ లేకుండా మూసి ఉన్న గది ఎండలో ఎంతోసేపు ఆగదు, కరెంటు పోయిన మధ్యాహ్నం మొక్కలు ఉడికిపోయేది అందుకే.

కోస్తాలో రాత్రి 29 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ప్యాడ్ రెండు మూడు డిగ్రీలకు మించి ఏమీ చేయలేదు, గాలిని మాత్రం తడిగుడ్డలా చేస్తుంది. అక్కడ ప్యాడ్ మాటే వద్దు, ఫ్యాన్ ఒక్కటే చాలు. మొక్కలు ఇరవైకి లోపైతే ట్రేను రాత్రి తొమ్మిదింటికి ఏసీ గదిలోకి తెచ్చి, పొద్దున ఆరింటికి బయట పెట్టడం కన్నా తేలిక మార్గం లేదు. ఏసీ పొడిగాలి మెక్సికో జాతులకు హాని చేయదు. ఏసీ లేనివాళ్లు చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె తెచ్చి, కుండీలు లోపల పెట్టి, గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసాలు రెండు పక్కన నిలబెట్టి మూత వారగా వేయొచ్చు. కిలో ఐసు కరగడానికే 334 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. పెట్టెడు కుండీలకు అది తక్కువేం కాదు. ఉదయం మూత తీసేయాలి, లేకపోతే అదే పెట్టె ఇడ్లీపాత్ర అవుతుంది.

మట్టి, కుండీ

మట్టి అంటున్నాం గానీ అందులో మట్టి ఉండదు. కొలతతో పెర్లైట్ (నర్సరీలో దొరికే తేలికైన తెల్ల రాతి పలుకులు) 3 వంతులు, ఫిల్టర్ శాండ్ 2 వంతులు, వర్మిక్యులైట్ (పొరలు పొరలుగా ఉబ్బిన ఖనిజపు పలుకులు) 1 వంతు. ఫిల్టర్ శాండ్ అంటే నీటి ఫిల్టర్లలో వేసే సిలికా ఇసుక, 1–2 మిల్లీమీటర్ల గింజ. రోబో శాండ్ వద్దు, దానిలోని పిండి అడుగుకు దిగి అడుసులా పట్టేస్తుంది. పెర్లైట్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, సంచీలో ఉండగానే తడిపి కలపండి. మెక్సికో జాతులకు లీటరు మిశ్రమానికి ఒక చెంచా జిప్సం వేయండి. వేరుశనగకు వేసే జిప్సమే, ఎరువుల కొట్టులో దొరుకుతుంది. తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాళ్లే కనుక ఫ్లోరింగ్ పని జరిగే చోట దొరికే చిన్న పెచ్చుల్ని కడిగి గుప్పెడు కలపొచ్చు. ప్రిములిఫ్లోరాకు ఇవేవీ వద్దు. దానికి పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడినది), ఇసుక సగం సగం.

కోకోపీట్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, అందుకే అందరి చేయీ దాని మీదికే పోతుంది. కొబ్బరి పీచు సోడియం, పొటాషియం లవణాల్ని తన ఒంటికి పట్టి ఉంచుకుంటుంది. ఉత్త నీళ్లతో మూడుసార్లు కడిగితే పైపైది పోతుంది, పట్టుకున్నది పోదు. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెడితేనే వదులుతుంది. అంత శ్రమ పడి తెచ్చుకున్నా వేసవిలో అది పట్టి ఉంచే తడి మనకు శత్రువే. పింగ్ వరకు కోకోపీట్ జోలికి పోకపోవడమే నయం.

కుండీ 3 అంగుళాలది చాలు, వేర్లు నాలుగైదు సెంటీమీటర్లకు మించి దిగవు. పొడిగాలి ఊళ్లలో ప్లాస్టిక్ కంటే రంగు వేయని మట్టి కుండీ మేలు. కడవలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేర్ల వేడిని తీసుకుపోతుంది. ఉక్కపోత ఊళ్లో ఆవిరి కాదు గనక ఆ లాభం ఉండదు, అక్కడ తెల్ల ప్లాస్టిక్ చాలు. నల్ల నర్సరీ కుండీ ఎక్కడైనా వద్దు.

నీళ్లు

బోరు నీళ్లు పోయొద్దు. మెక్సికో పింగ్‌లు సున్నాన్ని భరిస్తాయి గానీ ఉప్పును భరించలేవు, మన బోర్లలో రెండూ ఉంటాయి. ఆర్‌ఓ నీళ్లు, వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు వాడొచ్చు. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ మూడు నాలుగు వందల రూపాయల్లో వస్తుంది, అది 50 పీపీఎం లోపు చూపిస్తే నిశ్చింత, 100 దాకా మెక్సికోవాటికి ఫరవాలేదు. ఇంటి ఆర్‌ఓ మిషన్లలో రుచి కోసం పచ్చి నీటిని కొంత కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, దాన్ని తిప్పి ఉంటే 150–200 వచ్చేస్తుంది. ఏసీ నీళ్లలో సీజన్ మొదటి వారం దుమ్ము వస్తుంది, అవి పారబోయండి. డాబా మీద పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. పొద్దున ఆరు లోపే, నీడలో ఉంచిన బకెట్ నుంచి పోయాలి.

ఎప్పుడూ ట్రేలోనే పోయాలి, ఆకుల మీద కాదు. పై నుంచి పోస్తే జిగురు కడుక్కుపోతుంది, నడిమి మొగ్గలో బొట్టు నిలిచి కుళ్లు మొదలవుతుంది. మృగశిర నుంచి అక్టోబరు దాకా ఎదిగే కాలం: ట్రేలో 1 సెంటీమీటరు నీళ్లు పోసి, పూర్తిగా ఇంకి, ఒక రోజు పొడిగా ఉన్నాక మళ్లీ 1 సెంటీమీటరు. ఎమార్జినాటాకు ఆ పొడి రోజు అక్కర్లేదు, ప్రిములిఫ్లోరా ఎప్పుడూ నీళ్లలోనే. నవంబరులో కొత్త ఆకులు చిన్నగా, దళసరిగా, జిగురు లేకుండా వస్తున్నాయంటే మొక్క చలికాలంలోకి పోతోంది. అప్పటినుంచి పది రోజులకోసారి కుండీ అడుగు తడిస్తే చాలు.

అసలు పరీక్ష మార్చిలో. ఎండ ముదురుతోంది, మొక్క చిన్నగా ముడుచుకుని దీనంగా కనబడుతుంది, చెయ్యి ఊరుకోదు, నీళ్లు పోస్తాం. ముడుచుకున్న మొక్కకు వేర్లు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. తాగే దారి లేనప్పుడు నీళ్లు మట్టిలో నిలిచి వేడెక్కుతాయి. వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తక్కువ, బూజులకూ బాక్టీరియాకూ అదే పండగ. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా ఈ దళసరి ఆకుల గులాబీ తన ఆకుల్లో దాచుకున్న నీటితో నెట్టుకొస్తుంది. పని ఒక్కటే: వారం పది రోజులకోసారి ట్రేలో నీళ్లు పోసి, 30 నిమిషాల తర్వాత మిగిలినవి పారబోయడం. ఆకులు మరీ ముడతలు పడితే మధ్యలో ఒకసారి సాయంత్రం సన్నటి మంచులా స్ప్రే కొట్టండి, కానీ ఫ్యాన్ నడుస్తుండాలి. అగ్నాటా, టీనా లాంటివి అంతగా ముడుచుకోవు, వాటికి అయిదు రోజులకోసారి. తూకం తెలియనివాళ్లు వంటింటి కాటా వాడొచ్చు. బాగా తడిసి కారిన కుండీ బరువు, పూర్తిగా ఎండిన కుండీ బరువు రాసుకోండి. వేసవిలో బరువు ఎండిన అంకెకు దగ్గరపడ్డాకే నీళ్లు. తొలకరి పడ్డాక కూడా ఒక్కసారే తడిముద్ద చేయొద్దు, మొదటి కొత్త ఆకు వెడల్పుగా జిగురుతో విచ్చుకున్నాక ట్రే నింపడం మొదలుపెట్టండి.

కుళ్లు పట్టుకుంటే

గుర్తుపట్టడానికి రోజూ పొద్దున అర నిమిషం చాలు. నడిమి మొగ్గ దగ్గర ఆకు మొదలు నూనెలో తడిసిన కాగితంలా పారదర్శకంగా కనబడితే కుళ్లు మొదలైనట్టు. మరునాటికి గోధుమరంగు, ఆ మరునాటికి నలుపు. వెంటనే మొక్కను పీకి, ఆకులన్నీ ఒక్కొక్కటిగా కిందికి, పక్కకి లాగి విడదీయాలి. ఆకు మొదట్లో తెల్లని ముక్క వచ్చినవి పనికొస్తాయి, గోధుమ మచ్చ ఉన్నవి పారేయాలి. మిగిలిన దుంపను కొత్త బ్లేడుతో తెల్లని కండ కనబడేదాకా చెక్కి, ఒక రోజు నీడలో ఆరనివ్వండి. ఆకుల్ని లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ (బూజు మందు) కలిపిన నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టి, కొద్దిగా చెమ్మ ఉన్న పెర్లైట్ మీద పరచండి. తల్లిని కాపాడతానని మందు కొడుతూ కూర్చుంటే ఆకులు కూడా పోతాయి. బతికించాల్సింది ఆకుల్ని.

మామూలు రోజుల్లో ఆకులతో పిలకలు పెంచడానికి డిసెంబరు, జనవరి మంచివి, చలికాలపు దళసరి ఆకులే బాగా పట్టుకుంటాయి. మూత ఉన్న స్వీటు డబ్బాలో తడి పెర్లైట్ ఒక సెంటీమీటరు పోసి, ఆకుల మొదళ్లు తాకేలా పడుకోబెట్టి, గదిలో ఎల్‌ఈడీ లైటు కింద ఉంచండి. గ్రీన్‌హౌస్‌లో పెడితే మూసిన డబ్బా ఉడుకుతుంది. సుమారు నాలుగైదు వారాల్లో ఆకు మొదట్లో చుక్కంత మొక్క లేస్తుంది. పాత ఆకు దానంతట అది ఎండేదాకా తీయొద్దు. జైగాంటియా అనే జాతి ఆకులు మాత్రం చాలాసార్లు మొండికేస్తాయి.

పురుగుల్లో పెద్ద శత్రువు పిండినల్లి. ఆకుల కింద, మొదట్లో దూదిలా ఉంటుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కో పురుగునే అద్దాలి, ఆకంతా పూయకూడదు. మట్టిలో వేర్లకు కూడా పట్టి ఉంటే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు కలిపి ట్రేలో పోయండి. వేప నూనె, సబ్బు నీళ్లు వద్దు, జిగురు గ్రంథులు పూడుకుపోతాయి. ఫంగస్ న్యాట్‌లు ఆకుకు మేత, కానీ వాటి పిల్ల పురుగులు లేత వేర్లు తింటాయి. అవి ఎక్కువయ్యాయంటే మట్టి అవసరానికి మించి తడిగా ఉందనే లెక్క.

మెష్ లోపల పురుగు దొరకదు కనుక మేత మనమే పెట్టాలి. అక్వేరియం కొట్టులో చేపల మేతగా దొరికే ఎండు బ్లడ్‌వార్మ్‌లను (చిన్న ఎర్ర పురుగులు) పొడి చేసి, పొడి బ్రష్షుతో ఆకుకు చిటికెలో నాలుగో వంతు, జిగురు ఆకులకు మాత్రమే, రెండు వారాలకోసారి. పొడి మరునాటికి తడిసి కరగాలి. మూడో రోజుకు తెల్ల బూజు పట్టిందంటే ఎక్కువ వేసినట్టు. చలికాలపు ఆకులకు ఏమీ వేయొద్దు, అవి తినవు.

ఇక మొక్కలు తెప్పించుకునే వేళ. మార్చి నుంచి జూన్ మధ్య కొరియర్‌లో వచ్చే పార్సిల్ వ్యాన్‌లోనే ఉడుకుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య తెప్పించుకోండి. విదేశాల నుంచి కవర్లో ఆకులు పెట్టి పంపుతామనేవాళ్ల మాట వినొద్దు, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. వీజర్, టీనా లాంటివి దేశంలో పెంచేవాళ్ల దగ్గరే దొరుకుతాయి. వచ్చిన మొక్క వేర్లు విరిగి ఉన్నా కంగారు వద్దు. ఎండిన ఆకులు తీసేసి, చెమ్మగా ఉన్న మిశ్రమం మీద కూర్చోబెట్టి, రెండు వారాలు నీడలో ఉంచి, ఆ తర్వాతే ట్రేలో నీళ్లు పోయండి.